పుస్తకం ఉచితంగా తిరిగితే అమ్మకం పెరుగుతుందా, తరుగుతుందా? సొంతంగా అచ్చువేసుకునే రచయితలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో గాని, పాలకొల్లులో గాని, రాజమహేంద్రవరంలో గాని పుస్తకావిష్కరణ సభ ముగిసి నలుగురం టీ తాగుతూ నిలబడ్డప్పుడు, సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నవారు నన్ను అడిగే సందేహాలు కొన్నేళ్ళుగా దాదాపు అవే. పుస్తకాన్ని ఉచితంగా పంచితే పదిమందికీ తెలిసి అమ్ముడవుతుందా, లేక ఉన్న కాసిని అమ్మకాలూ పోతాయా అన్నదే వాటన్నిటికీ మూలం. ఒక్కొక్కరికీ ఫోనులో విడివిడిగా చెప్పడంకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి ఈ పుట తయారుచేశాను. నేను మూడు పుస్తకాలు సొంతంగా వేసుకున్నాను, కోనసీమలో మరికొందరి పుస్తకాలకు అచ్చుపనీ అమ్మకాల లెక్కా చూశాను. కింది జవాబులకు ఆ అనుభవం ఒక ఆధారం, ఈ విషయంమీద ఇతర దేశాల్లో జరిగిన పరిశోధనలు రెండో ఆధారం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీ పుస్తకం ఏ దశలో ఉందో అక్కడే చదవడం మొదలుపెట్టవచ్చు.

## అచ్చుకు ముందు

ఇంతకీ పైరసీ వల్ల అమ్మకాలు తగ్గుతాయా, పెరుగుతాయా?

రెండూ జరుగుతాయి. ఏది జరుగుతుందన్నది పుస్తకం ఏ దశలో ఉంది, ఏ రూపంలో ఉంది, పంచినవారు ఎవరు అన్న మూడు విషయాలను బట్టి ఉంటుంది. డెల్టాలో వరి పండించేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నారుమడికి నీళ్ళు పెట్టడమూ, కోతకొచ్చిన చేలో నీళ్ళు నిలవడమూ ఒకటి కాదు. రచయిత పేరే ఎవరికీ తెలియనప్పుడు, ఆయనే ఎంచి ఉచితంగా ఇచ్చిన కొంత భాగం నారుమడికి పెట్టిన నీరు. పుస్తకం విడుదలైన మొదటి మూడు నాలుగు నెలల్లో మొత్తం పీడీఎఫ్ గ్రూపుల్లో తిరగడం కోతల వేళ పడ్డ తుపాను వాన.

పరిశోధనలూ ఒక్క మాట మీద నిలబడలేదు. యూరోపియన్ కమిషన్ కోసం తయారై 2017లో వెలుగులోకి వచ్చిన పెద్ద అధ్యయనంలో, కొత్తగా విడుదలైన పెద్ద సినిమాల విషయంలో తప్ప, పైరసీ అమ్మకాలను తగ్గిస్తోందని గట్టిగా చెప్పగలిగిన గణాంక ఆధారం దొరకలేదు. దీన్ని చూపించి నష్టమేమీ లేదని వాదించేవారున్నారు గాని, పుస్తకాల విషయంలో ఆ అంచనాకు తప్పు అవకాశం చాలా ఎక్కువగా ఉంది కనుక ‘నష్టం కనబడలేదు’ అన్నదాన్ని ‘నష్టం లేదు’ అని చదువుకోకూడదు. అమెరికాలో ఇమ్కె రైమర్స్ అనే ఆర్థికవేత్త 2016లో ప్రచురించిన పరిశోధనలో, దొంగప్రతులను వెతికి తీయించిన పుస్తకాలకు ఈ-బుక్ అమ్మకాలు కనీసం 14 శాతం పెరిగాయి. అచ్చు ప్రతుల అమ్మకాల్లో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. పోలండ్‌లో పరిశోధకులు ప్రచురణకర్తలతో కలిసి ఏడాదిపాటు కొన్ని పుస్తకాల దొంగప్రతులను తీయిస్తూ, వాటికి జోడీగా ఎంచిన మరికొన్నిటిని అలాగే వదిలేసి చూస్తే అమ్మకాల్లో స్పష్టమైన తేడా రాలేదు.

వీటన్నిటినీ మన 500 ప్రతుల పుస్తకానికి అన్వయించుకుంటే నాకు తేలినది ఇది. ఈ-బుక్ అమ్ముకునేవారికి దొంగ పీడీఎఫ్ నేరుగా పోటీ. అచ్చు పుస్తకం అమ్ముకునేవారికి ఎక్కడో ఉన్న తెలియని పాఠకుడి దగ్గరి పీడీఎఫ్ వల్ల పెద్ద నష్టం ఉండదు, మన పుస్తకం కొనే ఆ రెండు మూడు వందలమంది మధ్యనే అది తిరిగితే మాత్రం నష్టం తప్పదు.

పేరున్న రచయితలు ఉచితంగా పెట్టి లక్షల ప్రతులు అమ్మారు కదా, నేనెందుకు పెట్టకూడదు?

ఈ వాదనలో ఎప్పుడూ వినబడే పేరు బ్రెజిల్ రచయిత పౌలో కొయెల్హో. రష్యాలో తన పుస్తకాలు దొరకడం కష్టంగా ఉన్న రోజుల్లో రష్యన్ అనువాదం ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా తిరగడంతో అక్కడ అచ్చు ప్రతుల అమ్మకం బాగా పెరిగిందని ఆయనే 2008లో మ్యూనిక్‌లో జరిగిన ఒక సదస్సులో చెప్పారు. అది నిజమే. అయితే ఆయనకు అప్పటికే ప్రపంచమంతా పేరుంది, ఒకటి చదివి నచ్చినవారు కొనుక్కోవడానికి ఇంకా చాలా పుస్తకాలున్నాయి, వెనక పెద్ద ప్రచురణ సంస్థలున్నాయి. ఒకే ఒక్క పుస్తకం వేసి దాన్నే ఉచితంగా ఇచ్చేసిన కొత్త రచయిత దగ్గర, నచ్చిన పాఠకుడు కొనడానికి మిగిలేదేముంటుంది? ఉచితంగా పెట్టినా ఎవరూ పట్టించుకోని వేలమంది కథ మనదాకా రాదన్నదీ గుర్తుంచుకోవాలి.

దీనికి ఎదురు అనుభవమూ ఉంది. ఒక అమెరికన్ రచయిత్రి తన నవలల వరుసలో ఒక భాగానికి ఈ-బుక్ అమ్మకాలు పడిపోయి, దాంతో తర్వాతి భాగాన్ని ప్రచురణకర్త తక్కువ ప్రతులే అచ్చువేయడం చూసి, ఆ భాగం విడుదలైనప్పుడు మొదటి కొన్ని అధ్యాయాలే మళ్ళీ మళ్ళీ వచ్చేలా తయారుచేసిన ఫైలును దొంగప్రతులు దొరికే చోట్లన్నిటా ఉంచారు. అసలు ఫైలు దొరకని పాఠకులు కొనుక్కున్నారనీ, మొదటి ముద్రణ రెండు రోజుల్లో అయిపోయిందనీ ఆమె 2017లో వివరంగా రాశారు. ఇది ఒక్కరి అనుభవమే గాని, ‘పీడీఎఫ్ చదివేవారు ఎటూ కొనరు’ అన్న మాట పూర్తిగా నిజం కాదని చెప్పడానికి చాలు.

ఫేస్‌బుక్‌లోనో యాప్‌లోనో ముందే సీరియల్‌గా పెట్టేస్తే తర్వాత పుస్తకం ఎవరు కొంటారు?

సీరియల్ చదివినవారే ముందుగా కొంటారు. వారపత్రికల కాలంలో ప్రతి వారం సీరియల్ కాగితాలు చింపి, కుట్టి, అట్టవేసి దాచుకున్న ఇళ్ళు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ కుట్టిన కట్ట పక్కింటికి, అక్కడినుంచి పుట్టింటికి, అత్తింటికి తిరుగుతూనే ఉండేది. అయినా అదే నవల పుస్తకంగా వస్తే అద్దె పుస్తకాల షాపులవారు కొనేవారు, పెళ్ళిళ్ళకు బహుమతిగానూ కొనేవారు. ముందే చదివేసిన కథ కొనరన్న లెక్క మన పాఠకుల విషయంలో ఎప్పుడూ పూర్తిగా నిజం కాలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. జపాన్‌లో కామిక్స్ పైరసీమీద తత్సువో తనాకా చేసిన పరిశోధనలో, ఇంకా నడుస్తున్న వరుసలకు దొంగప్రతులు అమ్మకాలను తగ్గించాయి, ముగిసిపోయిన వరుసలకు పెంచాయి. నడుస్తున్నప్పుడు పాఠకుడికి తర్వాత ఏమైందన్న ఆత్రం ఉంటుంది, ఎక్కడ ముందు దొరికితే అక్కడ చదివేస్తాడు. ముగిశాక పాత భాగాలను గుర్తుచేసే ప్రకటనలాగా అవే పనిచేస్తాయి. కాబట్టి సీరియల్ నడుస్తున్నన్నాళ్ళూ అది మీ పేజీలోనే ముందుగా రావాలి, ఇంకొకరు ఎత్తిపెడితే వెంటనే అడ్డుపడాలి. చివరి అధ్యాయాలు దాచి, కొంటేనే ముగింపు తెలుస్తుందని చెప్పడం నాకు నచ్చదు, దాన్ని పాఠకులు మోసంగా తీసుకుంటారు. పుస్తకంలో పాఠాన్ని చక్కదిద్ది, అదనంగా ఒకటి రెండు అధ్యాయాలో ముందుమాటో చేర్చడం మర్యాదైన దారి.

యాప్‌లో పెట్టేముందు ఒప్పందం తప్పక చదవండి. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ లెక్క. అచ్చు హక్కు మీ దగ్గరే ఉంటుందని ఒక వాక్యం ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

ఎన్ని పేజీలు ఉచితంగా ఇవ్వవచ్చు?

నవలకైతే మొదటి మూడు అధ్యాయాలు, కథాసంపుటికైతే పూర్తిగా ఒక కథ ఇస్తే చాలని నా అభిప్రాయం. ఆ కథ సంపుటిలో అన్నిటికంటే బాగున్నది కావాలి, మిగిలిపోయినది కాకూడదు. కవిత్వం సంగతి వేరు. ఒక కవిత దానికదే పూర్తి రచన కనుక నాలుగైదు ఇచ్చినా పుస్తకం రుచి తెలుస్తుంది, ఇరవై ఇస్తే పుస్తకమే ఇచ్చేసినట్టు. నమూనా చివర పుస్తకం వెల, ఫోను నంబరు, యూపీఐ వివరం, ఏ షాపులో దొరుకుతుందో తప్పనిసరిగా ఉండాలి. అది లేని నమూనాలు ఎన్నో చూశాను, చదివి ముచ్చటపడ్డవారికి తర్వాత ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. నమూనాను యూనికోడ్ అక్షరాల్లో, అంటే ఏ ఫోనులోనైనా కనబడే, వెతికితే దొరికే అక్షరాల్లో పెట్టండి. డీటీపీలో (కంప్యూటరులో పేజీలు కూర్చే పనిలో) వాడే పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో మీ పేరు కొట్టి వెతికినా గూగుల్‌కు దొరకదు.

కాపీరైటు రిజిస్టరు చేయించలేదు. నాకు హక్కు లేనట్టేనా?

హక్కు ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన కాగితం మీదికి వచ్చిన క్షణంనుంచే అది రచయితది, నమోదు తప్పనిసరి కాదు. నమోదు చేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు రుజువుగా పనికివస్తుంది. ఐఎస్‌బీఎన్ అన్నది పుస్తకాన్ని గుర్తుపట్టే అంకె మాత్రమే. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. దానికీ కాపీరైటుకూ సంబంధం లేదు.

డీటీపీ దశలోనే ఫైలు బయటికి పోతుందేమోనని భయంగా ఉంది.

అనుమానంతో పనివాళ్ళను నొప్పించకుండా జాగ్రత్త పడవచ్చు. ప్రూఫులు కాగితం మీదే చూసుకోండి. ముందుమాట రాసేవారికీ సమీక్షకులకూ ఫైలు పంపవలసివస్తే ప్రతి పేజీలోనూ ‘ఫలానావారి పరిశీలన కోసం’ అని వారి పేరు పడేలా చేయించండి. పేరున్న ఫైలును మరొకరికి పంపడానికి ఎవరికైనా చెయ్యి వెనకాడుతుంది. అచ్చుకు వెళ్ళే తుది ఫైలు ప్రెస్సుకూ మీకూ తప్ప ఎవరికీ ఉండనవసరం లేదు.

## విడుదలైన మొదటి నెలలు

500 ప్రతుల పుస్తకానికి పీడీఎఫ్ వల్ల నష్టం ఎంతో ఎలా లెక్కవేయాలి?

ఒక ఊహా లెక్క చూద్దాం. అంకెలు మీ పుస్తకానికి తగ్గట్టు మార్చుకోండి. 500 ప్రతులకు అన్ని ఖర్చులూ కలిపి 50,000 రూపాయలైందనీ, వెల 200 రూపాయలనీ, షాపు కమీషను 40 శాతమనీ అనుకుందాం. షాపు ద్వారా అమ్మితే ప్రతికి 120 రూపాయలు వస్తుంది, అంటే 417 ప్రతులు అమ్ముడైతేనే పెట్టుబడి తిరిగివస్తుంది. నేరుగా పాఠకుడికి పంపి, కొరియరు 50 రూపాయలు మనమే పెట్టుకుంటే ప్రతికి 150 మిగులుతుంది, అప్పుడు 334 ప్రతులు చాలు.

షాపుల మీదే ఆధారపడినవారికి పెట్టుబడి దాటి మిగిలేవి 83 ప్రతులే. పీడీఎఫ్ చదివేసి కొనడం మానేసినవారు యాభైమందే అయినా, లక్ష ప్రతులు అమ్మే రచయితకు అది లెక్కలోకి రాదు గాని, మనకు రెండో ముద్రణ వేద్దామా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ విషయంలో పెద్ద మార్కెట్ల సగటు అంకెలు చూసి మన పుస్తకానికి ధైర్యం చెప్పుకోవడం సరికాదు.

అదే లెక్కలో ఇంకొకటీ చూడండి. సభలో, పరిచయస్తులకు, సమీక్షలకు కలిపి 100 ప్రతులు మనమే ఉచితంగా ఇచ్చేస్తే మిగిలేవి 400. అవన్నీ షాపుల్లో అమ్ముడైనా 48,000 రూపాయలే వస్తాయి. అంటే దొంగప్రతి ఒక్కటీ లేకుండానే 2,000 రూపాయల నష్టంలో ఉన్నాం.

ఆవిష్కరణ సభకు వచ్చినవారికి ప్రతులు ఉచితంగా పంచాలా? పంచకపోతే బాగుండదేమో.

ఈ మొహమాటం వల్ల మన ప్రాంతంలో రచయితలు పోగొట్టుకుంటున్నది పైరసీవల్ల పోయేదానికంటే ఎక్కువేనని నా నమ్మకం. సభకు వచ్చినవారు అప్పటికే మీమీద అభిమానం ఉన్నవారు, కొనే అవకాశం అందరికంటే ఎక్కువగా ఉన్నవారు. వేదికమీది పెద్దలకూ, పుస్తకం గురించి మాట్లాడేవారికీ ఇవ్వడం మర్యాద. మిగిలినవారికి గుమ్మం దగ్గర బల్ల వేసి, ఆ రోజుకు మాత్రం వెల తగ్గించి అమ్మడంలో చిన్నతనమేమీ లేదు. కుటుంబ సభ్యుల్లో ఒకరిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి, రచయితే డబ్బు తీసుకోవలసివస్తే ఇద్దరికీ ఇబ్బంది. ఉచితంగా ఇవ్వదలచిన ఇరవై ముప్పై ప్రతులను కొనే స్తోమతలేని చదువరులకూ, శాఖా గ్రంథాలయాలకూ, కళాశాల తెలుగు విభాగాలకూ పంపితే ఒక్కో ప్రతిని పదిమంది చదువుతారు.

‘పీడీఎఫ్ ఉందా అండీ’ అని అడిగేవారికి ఏం చెప్పాలి?

అడిగినవారిలో ఎక్కువమందికి తప్పుచేస్తున్నామన్న ఆలోచనే ఉండదు, సినిమా పాట అడిగినంత సహజంగా అడుగుతారు. అందుకే కోపం చూపకూడదు, ఫైలూ ఇవ్వకూడదు. నేను పంపే జవాబు ఇది, కావాలంటే మీరూ వాడుకోండి: “నమస్కారమండీ. మొత్తం పీడీఎఫ్ ఎవరికీ ఇవ్వడం లేదు. మొదటి మూడు అధ్యాయాలు పంపుతున్నాను, తీరికగా చదవండి. నచ్చితే ఒక్క మాట చెప్పండి, పుస్తకం మీ ఇంటికి పంపిస్తాను. డబ్బు ఇబ్బందయితే మొహమాటపడకుండా చెప్పండి, మీ ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి ఉండేలా చూస్తాను.” మొదటి నెలలో ఇలా పంపినవారిలో కొందరు కొన్నారు, కొందరు మళ్ళీ పలకలేదు. పలకనివారికి మొత్తం ఫైలు ఇచ్చి ఉంటే వారు కొనేవారని అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు.

ఈ-బుక్ పెడితే దాన్నే దొంగిలిస్తారు. అచ్చు పుస్తకం ఒక్కటే ఉంచితే భద్రం కదా?

భద్రం కాదు. ఫోను కెమెరాతో 200 పేజీల పుస్తకాన్ని గంటలో పీడీఎఫ్ చేసే యాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి. న్యాయంగా కొనుక్కునే ఈ-బుక్ లేకపోవడమే ఒక్కోసారి దొంగప్రతికి దారి తీస్తుంది. తెలుగువారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైనప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న పాఠకుడు అర్ధరాత్రి మీ పుస్తకం గురించి చదివి వెంటనే కొనాలనుకుంటే దారి ఉండాలి, లేకపోతే తెల్లవారేసరికి ఎవరో ఒకరు అతనికి ఫైలు పంపేస్తారు. తెలుగు ఈ-బుక్కులు అమ్మే వేదికలో సరసమైన వెలకు పెట్టండి, అచ్చు పుస్తకం వెలలో మూడోవంతు దాటకుండా ఉంటే కొనడానికి వెనకాడరు.

## పీడీఎఫ్ బయటికి వచ్చాక

నా పుస్తకం టెలిగ్రామ్ ఛానెల్‌లో కనబడింది. ముందుగా ఏం చేయాలి?

ముందుగా స్క్రీన్‌షాట్ తీయండి. ఛానెల్ పేరు, లింకు, తేదీ, ఎంతమంది సభ్యులున్నారో అన్నీ అందులో కనబడాలి. ఆ తర్వాతే ఫిర్యాదు పంపండి, ఎందుకంటే ఫిర్యాదు అందగానే ఫైలు మాయమై ఆధారం పోవచ్చు. ఫిర్యాదులో పుస్తకం పేరు, మీరే హక్కుదారని తెలిపే ముఖపత్రం, ఇంప్రింట్ (ప్రచురణ వివరాలుండే) పేజీల ఫొటోలు, దొంగప్రతి లింకు ఉండాలి. మన చట్టంలోని 52వ సెక్షను, 2013 నాటి నియమాల ప్రకారం లింకులూ ఫైళ్ళూ నిలువచేసే వేదికకు హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, అది సబబేనని తోచినప్పుడు వేదిక 36 గంటల్లోగా ఆ రచన అందకుండా చేయాలి. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి అందుబాటులోకి తేవచ్చు. గూగుల్‌లో వెతికితే ఆ లింకు రాకుండా చేయమని కోరడానికి వేరే ఫారం ఉంది, అదీ నింపండి. కొత్త పాఠకులు వచ్చే దారి అదే కనుక నా అనుభవంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ రెండోదే.

అడ్మిన్లు ఎవరో తెలియదని నిరాశపడనక్కరలేదు. పోటీపరీక్షల పుస్తకాలు రాసే ఒక రచయిత్రి వేసిన కేసులో 2022లో ఢిల్లీ హైకోర్టు, ఆ ఛానెళ్ళు నడిపేవారి వివరాలు బయటపెట్టమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. అంతదూరం వెళ్ళగల స్తోమత మనలో కొద్దిమందికే ఉంటుంది. రోజుకో ఛానెల్ వెతుకుతూ కూర్చుంటే రాయవలసిన పుస్తకం ఆగిపోతుంది. విడుదలైన మొదటి ఆరు నెలలు వారానికి ఒక గంట దీనికి కేటాయించి, ఆ తర్వాత తగ్గించుకోమని నా సలహా.

వాట్సాప్ గ్రూపులో మావాళ్ళే పంచారు. ఎలా అడగాలి? అడగకపోతే ఎలా?

అన్నిటిలోకీ బాధపెట్టేది ఇదే. నా రెండో పుస్తకం విడుదలైన పదిహేనో రోజున, సభకు వచ్చి ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు పుస్తకమంతా ఫోనుతో స్కాన్ చేసి, మేమంతా ఉన్న పుస్తకప్రియుల గ్రూపులో పెట్టారు. ‘మనవాడి పుస్తకం, అందరూ చదవండి’ అని పైన రాశారు. అది చూసిన క్షణాన నాకు వచ్చిన కోపం కంటే, ఆ మాటలో ఉన్న ప్రేమ చూసి కలిగిన నిస్సహాయత ఎక్కువ. ఆ గ్రూపులో ఉన్న రెండువందలమందీ పుస్తకాలు కొనే అలవాటున్నవారే. నా పుస్తకానికి అంతకంటే దగ్గరి పాఠకులు లేరు.

గ్రూపులో ఏమీ రాయకుండా ఆయనకే ఫోను చేశాను. నేను అచ్చుకు పెట్టిన ఖర్చూ, ఇంట్లో ఉన్న కట్టల సంఖ్యా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పదిమందికీ తెలిస్తే నాకు మేలనే చేశానన్నారు, గ్రూపులో తీసేశారు. అప్పటికే ఆ ఫైలు ఇంకో రెండు గ్రూపులకు వెళ్ళిపోయింది. తర్వాతి రెండు నెలల్లో పుస్తకం బాగుందని ఫోను చేసినవారి సంఖ్య నా మొదటి పుస్తకం కంటే ఎక్కువ, అమ్ముడైన ప్రతుల సంఖ్య తక్కువ. ఆ తేడా అంతా ఆ ఫైలువల్లేనని నేను రుజువు చేయలేను, రెండు పుస్తకాల విషయాలూ వేరు. ఆ ఫోన్ల వల్ల నాకు కలిగిన సంతోషం నిజం, మంచం కింద మిగిలిన కట్టలూ నిజం.

కాబట్టి నలుగురిలో నిలదీయవద్దు, ఊరుకోనూవద్దు. పెట్టినవారికి నేరుగా ఫోను చేసి ఖర్చు లెక్క చెప్పండి. తీసేసిన తర్వాత ఆ స్థానంలో పెట్టడానికి నమూనా అధ్యాయాలు మీరే పంపండి. అలా చేస్తే వారికి మాట పడ్డామన్న చిన్నతనం ఉండదు, పంచాలన్న వారి కోరికా తీరుతుంది. వాట్సాప్ సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప కంపెనీకి కూడా కనబడవు, అందువల్ల ఇక్కడ ఫిర్యాదు ఫారాలకంటే మాటే పనిచేస్తుంది.

యూట్యూబ్‌లో ఎవరో నా నవల మొత్తం చదివి వినిపిస్తున్నారు. ఇది ప్రచారమే కదా అంటున్నారు.

రచనను చదివి రికార్డు చేసి జనానికి వినిపించే హక్కు కూడా రచయితదే, చదివినవారి గొంతు ఎంత బాగున్నా అనుమతి కావాలి. అయితే మూడు సంగతులు చూసి నిర్ణయించుకోండి: రచయిత పేరు చెప్పారా, వివరణలో పుస్తకం దొరికే చోటు రాశారా, ప్రకటనల ఆదాయం తీసుకుంటున్నారా? పేరూ చెప్పి చోటూ రాసిన చిన్న ఛానెల్ అయితే, ఒకటి రెండు భాగాలు ఉంచుకుని మిగతావి తీయమనండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, కొందరు ఆదాయంలో వాటా ఇవ్వడానికీ సిద్ధపడతారు. పేరు కూడా చెప్పనివారిపై యూట్యూబ్ కాపీరైటు ఫారం నింపండి. 90 రోజుల్లో మూడు ఫిర్యాదులు నిలిస్తే ఛానెలే పోయే ప్రమాదం ఉంది కనుక స్పందన త్వరగానే ఉంటుంది. ఆడియో పుస్తకం మీరే చేయదలచుకుంటే మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వవద్దు.

చూపు లేనివారి కోసం ఆడియో చేసుకుంటామంటే ఒప్పుకోవాలా?

దీనికి మీ అనుమతి అవసరం కూడా లేదు. 2012 సవరణతో మన చట్టం, మామూలు పుస్తకం చదవలేని వైకల్యం ఉన్నవారికోసం అనువైన రూపంలో ప్రతులు చేయడానికి వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించినది భారతదేశం. అడిగితే మీరే యూనికోడ్ ఫైలు ఇవ్వండి, వారి పని సగం తగ్గుతుంది.

పోలీసు కేసు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షను కింద ఆరు నెలలనుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మీ పుస్తకాన్ని అచ్చువేసి అమ్ముకునేవారి మీద, డబ్బు వసూలు చేసి పీడీఎఫ్‌లు పంచేవారి మీద ఈ దారి సబబే. ఉచితంగా పంపిన పాఠకుడి మీద పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ఊళ్ళో పుస్తకాలు చదివేవారే కొద్దిమంది, వారిని ఠాణా మెట్లు ఎక్కిస్తే మీ తర్వాతి పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోరు.

## ప్రతులు అయిపోయాక, ఏళ్ళు గడిచాక

ప్రతులు అయిపోయాయి, మళ్ళీ వేసే స్తోమత లేదు. ఇప్పుడు మొత్తం ఉచితంగా పెట్టవచ్చా?

నిస్సంకోచంగా పెట్టవచ్చు, ఈ దశలో అదే మంచిదని కూడా నా అభిప్రాయం. అమ్మడానికి ప్రతే లేనప్పుడు ఉచిత పీడీఎఫ్ ఏ అమ్మకాన్నీ తినలేదు. గూగుల్ బుక్స్ కోసం స్కాన్ చేసిన పాత పుస్తకాలపై అభిషేక్ నాగరాజ్, ఇమ్కె రైమర్స్ చేసిన పరిశోధనలో, ఉచితంగా చదువుకోగలిగే వీలు వచ్చాక వాటి అచ్చు ప్రతుల అమ్మకం పెరిగింది, చిన్న ప్రచురణకర్తలు కొత్త ముద్రణలు కూడా తెచ్చారు. మరుగునపడ్డ పుస్తకాన్ని పాఠకులు మళ్ళీ కనుగొనడమే దానికి కారణమని వారు చూపారు.

అయితే ఎక్కడో ఎవరో పెట్టిన వంకరటింకర స్కాన్‌ను అలా వదిలేయకుండా, శుభ్రమైన ఫైలును మీరే పెట్టండి. మొదటి పేజీలో మీ కొత్త పుస్తకాల వివరాలూ, మళ్ళీ అచ్చువేస్తే కావలసినవారు పేరు నమోదు చేసుకునే నంబరూ ఉంచండి. యాభైమంది పేర్లు వచ్చాయంటే, కోరినన్ని ప్రతులే వేసే డిజిటల్ ముద్రణకు ధైర్యంగా వెళ్ళవచ్చు. ఇతరులు పంచుకోవడానికి ముందే అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇవ్వదలచుకుంటే బాగా ఆలోచించుకోండి, ఒకసారి ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోలేరు. మామూలుగా ‘చదువుకోవడానికి ఉచితం, హక్కులన్నీ రచయితవి’ అని రాస్తే చాలామందికి సరిపోతుంది.

మా తాతగారి పుస్తకాలు ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. తీయించాలా?

ముందు హక్కు ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. గోదావరి ప్రాంతపు రచయితలనే తీసుకుంటే, 1952లో మరణించిన అడివి బాపిరాజు రచనలు 2013 జనవరి 1 నుంచి, 1961లో మరణించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. 1980లో మరణించిన దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనలపై 2040 చివరిదాకా హక్కు ఉంటుంది. రచయిత మరణించాక మొదటిసారి అచ్చయిన రచనలకు ఆ అచ్చు సంవత్సరంనుంచి లెక్కవేయాలి.

హక్కు మిగిలి ఉన్నా, పుస్తకం బజారులో లేకపోతే తీయించడంవల్ల కుటుంబానికి వచ్చేదేమీ ఉండదు. ఇటువంటి స్కాన్లే లేకపోతే ఎన్నో తెలుగు పుస్తకాల ఆచూకీ కూడా మనకు మిగిలేది కాదు. మీరు కొత్త ముద్రణ తెస్తున్నట్టయితే మాత్రం తీయమని కోరడం న్యాయమే.

గ్రంథాలయంలో అరువు, సెకండ్‌హ్యాండ్ షాపులో అమ్మకం కూడా నష్టమేనా?

కాదు. అక్కడ తిరుగుతున్నది ఒకసారి డబ్బిచ్చి కొన్న ప్రతి, అది ఒకరి చేతిలో ఉంటే మరొకరి చేతిలో ఉండదు. చట్టమూ దీన్ని తప్పు పట్టదు. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో మీ పుస్తకం బీరువాలో చేరితే, కొనడం అలవాటులేని పాఠకుడు కూడా ఒకరోజు మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు.

విదేశంలో ఉంటున్నాం. మీ పుస్తకం పీడీఎఫ్‌లో చదివేశాం, చాలా నచ్చింది. ఇప్పుడేం చేయమంటారు?

ముందుగా, చెప్పినందుకు ధన్యవాదాలు. తెలియక చదివినదానికి నొచ్చుకోనక్కరలేదు, ఆ ఫైలును మాత్రం ఇంకెవరికీ పంపకండి. పుస్తకం వెల పంపాలనుకుంటే, అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్ వంటి కొన్ని దేశాల ఫోను నంబర్లతోనే ఎన్ఆర్ఐ ఖాతాలనుంచి యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది. ఒక ప్రతి కొని మీ సొంత ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకో, అక్కడి శాఖా గ్రంథాలయానికో పంపమన్నా పంపుతాం, కొరియరు ఖర్చు దేశంలోపలిదే కనుక తక్కువ అవుతుంది. పుస్తకంలో నచ్చినదేమిటో నచ్చనిదేమిటో నాలుగు వాక్యాలు మీ పేరుతో రాసి, పుస్తకం దొరికే నంబరుతో కలిపి మీ గ్రూపుల్లో పెట్టండి. ఆ పీడీఎఫ్ మీకు ఏ గ్రూపులో అందిందో దానితోనే మొదలుపెడితే మరీ మంచిది.